గానలోకము: రోటిపాటయు, ఎడారి గిటారును

గిటారు బృందములనగానే చెవులు మూసికొను సోదరీమణులు మా చదువరులలో కొందరు కలరు. ఇంటిలోని కుమారులు తలుపు వేసికొని వినెడి ఆ రాక్ సంగీతము వట్టి చప్పుడే గాని పాట కాదని వారి యభిప్రాయము. దానిని వాదముచే మార్పవలెనని మాకు లేదు. అయినను ఈ నెల మేము అట్టి బృందమొకదానిని గూర్చియే వ్రాయదలచితిమి. ఆ బృందము పేరు తినారివెన్. వారి పుట్టినిల్లు ఆఫ్రికా ఖండములోని సహారా యెడారి. వారు పట్టినవి విద్యుత్తుతో పలుకు గిటారులే. కాని వారి పాటకు లయ నిచ్చినది స్త్రీలు ధాన్యము దంచు రోలు. ఈ యొక్క మాటను మనసునం దుంచుకొని తక్కిన కథ చదువవలెనని మా మనవి.

మొదట ఆ ప్రజలను గూర్చి కొంత తెలిసికొందము. సహారాలో తువారెగ్ అను సంచారజాతి యొకటి కలదు. మాలి, నైజర్, అల్జీరియా, లిబియా, బుర్కినా ఫాసో దేశములలో వీరు చెదరియున్నారు. ఒంటెలను, మేకలను మేపుకొనుచు నీరున్నచోటికి పోవుట వీరి పూర్వవృత్తి. వీరి యాచారములలో మన కాశ్చర్యము గొలుపునవి కొన్ని గలవు. ముఖమును వస్త్రముతో కప్పుకొనువారు పురుషులు; స్త్రీలు ముఖము కప్పుకొనరు. కాపురముండు గుడారము భార్య సొత్తు. దంపతులు విడిపోయినచో గుడారము విడిచి పోవలసినవాడు భర్తయే. తిఫినాగ్ అను తమ ప్రాచీనలిపిని తల్లులు ఇసుకలో వ్రేలితో వ్రాసి బిడ్డలకు నేర్పుట వారి సంప్రదాయము. పేర్లలో ‘ఆగ్’ అనగా కుమారుడు, ‘వాలెత్’ అనగా కుమార్తె. ఈ రెండు మాటలు తెలిసియున్నచో ఇకముందు వచ్చు పేర్లు చదువుట సులభము.

అచటి సంగీతములో ప్రధానములైన రెండు వాద్యములును ఆడువారివే. మొదటిది ఇమ్జాద్. బుఱ్ఱను సగముగా కోసి, దానిపై మేకతోలు బిగించి, గుఱ్ఱపు వెండ్రుకల తీగ నొక్కదానిని కట్టి కమానుతో వాయింతురు. దీనిని స్త్రీలు మాత్రమే వాయింపవలెనని నియమము. ఈ విద్యను ఐక్యరాజ్యసమితి విద్యా విజ్ఞాన సాంస్కృతిక సంస్థ 2013లో మానవజాతి వారసత్వ సంపదల పట్టికలో చేర్చినది. రెండవది తెండే. ధాన్యము దంచిన రోటినే తీసికొని, దాని నోటికి తడితోలు కప్పి, ఇరుప్రక్కల రెండు రోకళ్ళను కట్టుదురు. ఆ రోకళ్ళ కొనలమీద స్త్రీలు కూర్చుండగా వారి బరువుచే తోలు బిగిసి రోలు మృదంగమగును. ఒకతె వాయించుచు పాడును. తక్కినవారు చప్పట్లతో వంత పాడుదురు. పురుషులు ఒంటెల నెక్కి చుట్టును తిరుగుదురు. దంపుళ్ల పాటలు, తిరుగటి పాటలు ఎఱిగిన మన యిండ్ల పెద్దమ్మలు దీనిని విన్నచో, ఆ భాష తెలియకపోయినను ఆ పని తెలిసికొనగలరు.

ఇట్టి జాతికి 1960లో కష్టకాలము ప్రారంభమయ్యెను. ఫ్రెంచివారు పోవుచు విడిచిన సరిహద్దు గీతలు వీరి మేతభూములను ముక్కలు చేసినవి. స్వతంత్రమైన మాలి దేశపు ప్రభుత్వము దూరముననున్న దక్షిణమునుండి పాలించుట వీరికి రుచింపలేదు. 1963లో ఉత్తరమున తిరుగుబాటు జరిగెను. దానిని సైన్యము క్రూరముగా అణచివేసెను. ఆ యేట చంపబడిన వారిలో తెస్సాలిట్ ప్రాంతపు మనుష్యుడొకడు కలడు. అతని కుమారుడు ఇబ్రహీం ఆగ్ అల్‌హబీబ్‌కు అప్పటికి నాలుగేండ్లు. తండ్రిని చంపుట ఆ పసివాడు కన్నులార చూచెను. తరువాత అతడు అల్జీరియా దేశములోని కాందిశీకుల శిబిరములలోను, తమన్‌రాసెట్ పట్టణపు చుట్టుప్రక్కల యెడారిలోను పెరిగెను.

ఆ బాలుడు ఒకనాడొక చలనచిత్రమును చూచెను. అందు అమెరికా పశువుల కాపరి యొకడు గిటారు వాయించుచుండెను. ఇంటికి వచ్చి బాలుడు ఒక డబ్బాను, కఱ్ఱను, సైకిలు బ్రేకు తీగను కూర్చి తానే యొక గిటారు చేసికొనెను. మన పిల్లలు కొబ్బరి యాకుతో బూర చుట్టుకొందురు గదా! అటువంటి ఆటయే యది. కాని ఆటలన్నియు ఆటలుగానే ముగియవు. నిజమైన గిటారు అతని చేతికి వచ్చుటకు 1979 వరకు వేచియుండవలసి వచ్చెను.

ఈ నడుమ గొప్ప కఱవు వచ్చి 1970 ప్రాంతమున మందలను నాశనము చేసెను. మంద పోయిన సంచారికి సంచారమే లేదు. యువకులు పని వెదకికొనుచు అల్జీరియా, లిబియా పట్టణములకు పోయిరి. పనిలేనివాడు అను అర్థముగల ఫ్రెంచి మాటనుండి వీరికి ‘ఇషుమార్’ అను పేరు వచ్చెను. తల్లి చేతి యంబలికి, గుడారమునకు, మేకల గంటల చప్పుడుకు దూరమైన ఈ కుఱ్ఱవాండ్రు సాయంకాలము మంటచుట్టు చేరి పాడుకొనసాగిరి. వారి భాషలో ‘అస్సూఫ్’ అను మాట యొకటి కలదు. ఒంటరితనము, ఇంటిమీది బెంగ, గుడారములకు ఆవలనుండు చీకటి అను నర్థములన్నియు దానిలో కలవు. వారి పాట లన్నింటికి ఆ మాటయే ప్రాణము. పుట్టినింటినుండి క్రొత్తగా కాపురమునకు వచ్చిన యే కోడలికైనను ఈ మాట వివరింపనక్కఱలేదు.

ఇబ్రహీం, అతని మిత్రులు ఇంతెయెదెన్ ఆగ్ అబ్లిల్, హసన్ ఆగ్ తూహామీ మొదలైనవారు తమన్‌రాసెట్‌లో పాటలు కట్టిరి. చేతికందిన సంగీతమెల్ల వినిరి. మొరాకో దేశపు నిరసన గేయములు, అల్జీరియా పట్టణములలోని ‘రాయ్’ పాటలు, అమెరికాలోని జిమీ హెండ్రిక్స్, సంతానాల గిటారులు, జమైకా ద్వీపపు బాబ్ మార్లే పాటలు క్యాసెట్టుల మూలమున వారి చెవులబడినవి. విన్నవానిని వారు వల్లించి ఊరకుండలేదు. ఒక తీగ శ్రుతి నిలుపుచుండగా వేఱొక తీగమీద పాట నల్లుట వారి పద్ధతి. ఇందులో ఇమ్జాద్ వాసన కలదు. క్రింద నడచు లయ తెండేది, ఒంటె నడకది. జనులు వీరిని ‘కెల్ తినారివెన్’, అనగా ఎడారులవారు అని పిలువసాగిరి. అదియే బృందమునకు పేరయ్యెను.

1980లో లిబియా దేశాధినేత గద్దాఫీ తువారెగ్ యువకులను సైనికశిక్షణకు రమ్మని పిలిచెను. స్వదేశమును సాధింపవచ్చునను ఆశతో పలువురు పోయిరి. ఈ గాయకులును పోయిరి. పగలు తుపాకి, రాత్రి గిటారు. 1985 ప్రాంతమున అచటి శిబిరమున మఱికొందఱు పాటగాండ్రు వచ్చి చేరిరి. వారందఱు కలసి ఒక నియమము పెట్టుకొనిరి: ఎవరైనను ఖాళీ క్యాసెట్టు తెచ్చి యిచ్చినచో దానిలో పాట నింపి ఉచితముగా ఇత్తుము. ఆ క్యాసెట్టునుండి వేఱొకటి, దానినుండి మఱియొకటి తీసికొనుచు, ఎడారిలో చేతినుండి చేతికి పాటలు ప్రయాణము చేసినవి. పత్రికలు లేని, రేడియో వారి భాషలో పలుకని ఆ నేలపై క్యాసెట్టే వార్తాపత్రిక. మాలి ప్రభుత్వము వానిని నిషేధించినది. నిషేధించిన కొలదియు ప్రతులు పెరిగినవి.

1989లో ఇబ్రహీం లిబియాను విడిచి, బాల్యమునందు విడిచిన తెస్సాలిట్‌కు మరల వచ్చెను. మఱుసటియేట మాలిలో తువారెగ్ తిరుగుబాటు మొదలయ్యెను. బృందములోని కొందఱు ఆయుధములు పట్టి పోరాడిరి. జనవరి 1991లో తమన్‌రాసెట్‌లో సంధి కుదిరిన పిమ్మట వారు తుపాకులు దింపి పాటనే వృత్తిగా గైకొనిరి. వీపున రెండింటిని తగిలించుకొని యుద్ధమునకు పోయిన గాయకుని గూర్చి పాశ్చాత్య పత్రికలు ముచ్చటగా వ్రాసినవి. మాకు ఆ ముచ్చట నచ్చలేదు. తండ్రిని కోల్పోయిన బిడ్డ తుపాకి పట్టుట మన కర్థమగును. కాని ఆ తుపాకి యెదుట నిలిచిన సిపాయికిని ఒక తల్లి యుండును. ఆయుధము దింపినవాని పాటను మేము వినుచున్నాము. ఆయుధమును దానికి ఆభరణముగా చూడజాలము. సహచరుడైన ఇంతెయెదెన్ 1994లో చనిపోయెను.

బయటి ప్రపంచమునకు వీరు తెలియుటకు ఇరువదియేండ్లు పట్టినదనుట వింతగా తోచును. 1998లో లోజో అను ఫ్రెంచి బృందము మాలి రాజధాని బమాకోలో వీరిలో ఇద్దఱిని కలిసికొనెను. మఱుసటియేట కొందఱు ఫ్రాన్సుకు పోయి పాడిరి. జనవరి 2001లో ఉభయ బృందములవారును పూనుకొని ఉత్తర మాలిలో ఎడారి యుత్సవము నడపిరి. అప్పుడే కిదాల్ పట్టణములోని తిస్దాస్ రేడియో కేంద్రమున, సాయంకాలము కరెంటు వచ్చెడి కొద్ది గంటలలో ముద్రించిన పాటలు వారి మొదటి అంతర్జాతీయ సంపుటమయ్యెను. కూలివాండ్రయు కాందిశీకులయు చేతులలో తిరిగిన పాటలు ఇట్లు అంగళ్ళకు వచ్చినవి.

తరువాతి కథను వేగముగా చెప్పుదుము. 2004లో ‘అమస్సాకూల్’, 2007లో ‘అమన్ ఇమన్’ అను సంపుటములు వెలువడినవి. రెండవదాని పేరునకు ‘నీరే ప్రాణము’ అని యర్థము. 2009లో ‘ఇమిదివన్’, అనగా మిత్రులు. 2010లో దక్షిణాఫ్రికాలో జరిగిన ప్రపంచ ఫుట్‌బాలు పోటీల ప్రారంభ సంగీతసభలో వీరు పాడిరి. అల్జీరియా యెడారిలో గుడారములు వేసికొని, విద్యుత్ గిటారులను ప్రక్కకుబెట్టి, కొయ్య గిటారులతో వారు ముద్రించిన ‘తస్సిలి’ అను సంపుటము 2011లో వెలువడెను. దానికి 2012లో అమెరికావారి గ్రామీ బహుమానము లభించెను. డబ్బాకు తీగ కట్టిన బాలుడు ఏబది యేండ్ల ప్రాయమున అందుకొన్న గౌరవమిది.

సంబరము చల్లారకమునుపే ఇంట నిప్పంటుకొనెను. బహుమానము వచ్చిన 2012లోనే ఉత్తర మాలి మరల యుద్ధమునబడెను. మతము పేర ఆయుధములు పట్టిన అన్సార్ దీన్ మొదలగు దళములు పట్టణములను పట్టుకొని సంగీతమును నిషేధించినవి. వాద్యములను కాల్చిరి, రేడియోలలో పాట ఆపిరి. అన్సార్ దీన్ నాయకుడు పూర్వము లిబియా శిబిరములలో ఈ గాయకులకు సన్నిహితుడైన వాడేయగుట ఈ కథలోని చేదు నిజము. 2013 ఆరంభమున బృందములోని యువకుడొకడు తన గిటారులను కాపాడుకొనబోయి పట్టుబడెను. కొంతకాలమునకు క్షేమముగా విడుదలయ్యెను. 2001లో మొదలైన ఎడారి యుత్సవము 2012 జనవరి తరువాత ఆ నేలపై జరుగలేదు.

అప్పటినుండి ఈ యెడారివారికి తమ యెడారియే పరాయిదయ్యెను. 2014లో వచ్చిన ‘ఎమ్మార్’ సంపుటమును అమెరికాలోని కాలిఫోర్నియా యెడారిలో ముద్రించిరి. ఇసుక కలదు, ఎండ కలదు, ఆకాశము కలదు. ఇల్లు మాత్రము లేదు. 2017లో ‘ఎల్వాన్’, అనగా ఏనుగులు, వెలువడెను. ఆయుధముల పదఘట్టనమున పచ్చిక నలిగిపోవుటను ఆ పేరు సూచించుచున్నది. 2019లో వచ్చిన ‘అమద్జర్’ అను పేరునకు పరదేశి బాటసారియని యర్థము. దానిని మౌరిటానియా దేశమున గుడారములో ముద్రించిరి. 2023లో ‘అమత్సూ’ వచ్చెను. పాటలు ఆగలేదు. కాని ఒక్కొక్క సంపుటము ఒక్కొక్క పరాయినేలపై పుట్టుట చూచినచో, కీర్తి యనునది ఇంటికి ప్రత్యామ్నాయము కాదని తెలియుచున్నది.

ఇక వినదలచినవారికి రెండు మాటలు. మొదటిసారి విన్నప్పుడు అన్ని పాటలు ఒక్కటిగానే తోచవచ్చును. మన కీర్తనలును పరదేశీయులకు మొదట అట్లే తోచును గదా! పెక్కు పాటలు ఐదు స్వరములతోనే నడచును. సంగీతము నేర్చిన సోదరీమణులకు మన శుద్ధ ధన్యాసి మెట్లు తలపునకు రాగలవు. గమకముల తీరు మాత్రము వేఱు. ఒకడు చరణము పాడగా తక్కినవారు పల్లవి యందుకొందురు. ఆర్భాటము లేదు, తొందర లేదు. ‘తస్సిలి’తో మొదలుపెట్టి, పిదప ‘అమన్ ఇమన్’ వినుట మంచిదని మా సలహా. రాత్రి పనులు ముగిసిన తరువాత దీపము తగ్గించి వినవలసిన సంగీతమిది.

అన్నియు మెచ్చుకొనిన తరువాత మాకు తోచిన లోటొకటి చెప్పక తప్పదు. ఆరంభ సంపుటములలో మీనా వాలెత్ ఊమర్ మొదలైన స్త్రీల కంఠములు పురుషుల పాటను చుట్టుకొని యుండెడివి. వారు నాలుకతో చేయు మంగళధ్వని గిటారును మించి వినబడెడిది. కీర్తి పెరిగి దేశదేశముల యాత్రలు ఎక్కువైన తరువాత వేదికపై చాలవఱకు పురుషులే కనబడిరి. నెలల తరబడి ఇల్లు విడిచి తిరుగుట స్త్రీకి ఎంత కష్టమో మనకు వేఱుగ చెప్పవలెనా? రోటిని, చప్పట్లను ఇచ్చినవారు ఇంట నిలిచిరి. గిటారు పట్టినవారు విమానమెక్కిరి. 2014 చివర పారిస్ నగరమున తెండే పాటలో పేరుగాంచిన వృద్ధగాయని లల్లా బాదీని తమతో వేదికపై కూర్చుండబెట్టి పాడించి, మఱుసటియేట ఆ కచేరిని సంపుటముగా ప్రచురించుటచే బృందమువారు ఈ ఋణమును కొంత తీర్చుకొనిరని మేము తలంతుము.

మిగిలిన ఋణమును తీర్చుటకు వేఱొక తరము బయలుదేరినది. నైజర్ దేశములో ఇల్లిఘదాద్ అను చిన్న పల్లె కలదు. అచటి ఫాతూ సెయిదీ ఘాలీ యను బాలిక, అన్న తెచ్చిన గిటారును అతడు లేనప్పుడు రహస్యముగా తీసికొని తనంతట నేర్చుకొనెను. ఆ పల్లెలో గిటారు మగవారి సొత్తు. ఆమె కొందఱు బంధు స్త్రీలతో కూడి ‘ఇల్లిఘదాద్ బాలికలు’ అను నర్థముగల ఫ్రెంచి పేరుతో బృందము కట్టినది. 2016లో వారి మొదటి సంపుటము వెలువడెను. దానిలో ఒకవైపు గిటారు, ఒకవైపు తెండే. అనగా మగవారు రోటినుండి గిటారునకు తీసికొనిపోయిన పాటను ఆడువారు మరల రోటి కడకు తెచ్చి, గిటారునుగూడ తమ ప్రక్కనే కూర్చుండబెట్టుకొనిరి. తినారివెన్‌వారి కథకు ఇంతకన్న మంచి ముగింపు మాకు తోచలేదు.

చదువరులారా! మీ యిండ్లలో దంపుడు పాటలు, అప్పగింత పాటలు, లాలిపాటలు వచ్చిన పెద్దలు ఇంకను ఉన్నచో, ఈ మాసములో ఒకనాటి మధ్యాహ్నము వారికడ కూర్చుండుడు. మనుమల చేతిలోని ఫోనులో ఒక మీట నొక్కినచో చాలును. ఖాళీ క్యాసెట్టు తేనక్కఱలేదు. ముసలమ్మ మొదట సిగ్గుపడును, గొంతు పోయినదనును, చరణములు మఱచితిననును. కొంత బ్రతిమాలుడు. మఱచిన చరణము ప్రక్కయింటి యామెకు వచ్చియుండవచ్చును, ఆమెనుగూడ పిలువుడు. ఇల్లు పోయినవారు పాటను దాచుకొని దానిలో కాపురముండిరి. ఇల్లున్న మనము పాటను పోగొట్టుకొనుట తగునా యని మాత్రము అడిగి, ఈ నెలకు సెలవు తీసికొనుచున్నాము.